తెరమీద కనిపించని పేరు

ఉద్యోగంలో ఆడిన అబద్ధాలన్నీ ఏరుకుంటూ కూర్చుంటే నాకు ఇంకో ముప్పై ఏళ్ళ సర్వీసు కావాలి. పైవాళ్ళకు ‘అయిపోయింది సార్’ అని, బయటివాళ్ళకు ‘రేపు కనపడండి’ అని రోజూ ఆడినవే. వాటికి నేనేమీ బాధపడను. చెప్పేవాడికీ వినేవాడికీ కూడా అవి అబద్ధాలని తెలుసు. ఒక్కటి మాత్రం అట్లాంటిది కాదు. అందులో ఉన్నవి ఐదే మాటలు. వాటిని విన్నవాళ్ళు నమ్మారు. నమ్మినందువల్ల ఒక మనిషి తన మగ్గం దిగిపోయాడు.

కంప్యూటర్ల పనిలో కొత్తగా చేరిన పిల్లలు ఎక్కడైనా కలిసినప్పుడు, మీ కాలంలో భద్రత ఎట్లా ఉండేది సార్ అని అడుగుతుంటారు. పెద్ద పెద్ద దేశాల్లో ప్రభుత్వాలూ కంపెనీలూ దీని మీద కీచులాడుకుంటున్నాయని పేపర్లో నేనూ చదువుతుంటాను. ప్రతి కంప్యూటర్లోనూ ప్రభుత్వానికి ఒక దొడ్డి వాకిలి ఉండాలని కొందరు, కూడదని కొందరు. ఆ వాదాలు నా తెలివికి అందవు. నేను నా చేత్తో పెట్టిన దొడ్డి వాకిళ్ళు పద్దెనిమిది. వాటిలో ఒకదాని సంగతి నాకు బాగా తెలుసు. అదే చెబుతాను, వినండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. నాది నందికొట్కూరు. డిప్లొమా చదివి, కర్నూల్లో కంప్యూటర్లు బిగించే అంగట్లో కొన్నాళ్ళు పనిచేసి, చివరికి కడపలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కాంట్రాక్టు మీద టెక్నికల్ అసిస్టెంటుగా చేరాను. ఏ శాఖో అడక్కండి. చేనేతవాళ్ళ సంఘాలకు కంప్యూటర్లు పంచే పథకం ఒకటి మా చేతికి వచ్చింది. చీర అంచుల డిజైన్లు అంతవరకూ గళ్ళ కాగితం మీద చేత్తో వేసుకునేవారు. ఇకమీదట తెరమీద గీసుకుంటే, దాన్నిబట్టి మగ్గానికి ఎక్కించే అట్టలకు చిల్లులు కొట్టుకోవచ్చు. పథకం మంచిదే. పథకాలన్నీ కాగితం మీద మంచివే.

వచ్చినవి ఎవరి ఇంట్లోనైనా పెట్టుకునే మామూలు కంప్యూటర్లు. పవర్ నొక్కితే రంగురంగుల బొమ్మ పక్కన ఒక పేరు కనిపిస్తుంది, దాన్ని నొక్కితే తెరుచుకుంటుంది, అంతే. వాటితోపాటు పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. అందులో రెండు ఆజ్ఞలు. మొదటిది, ప్రతి కంప్యూటరుకూ పాస్‌వర్డ్ ఉండి తీరాలి. ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు, అక్షరాలూ అంకెలూ కలిసి ఉండాలి, నెలనెలా మార్చాలి. మార్చకపోతే యంత్రమే ఆపి అడిగేలా నేను పెట్టాలి. ఇది అందరికీ చదివి వినిపించాల్సినది. రెండోది వినిపించకూడనిది. ప్రతి కంప్యూటర్లోనూ మొదటి తెరమీద కనిపించని ఇంకొక పేరు పెట్టాలి. ఆ పేరుతో లోపలికి పోతే అన్ని తలుపులూ తెరుచుకోవాలి. దాని పాస్‌వర్డ్ మా కార్యాలయంలోనే ఉండాలి. కారణం పర్యవేక్షణ. ప్రభుత్వ సొమ్ముతో కొన్న వస్తువులో ఏం జరుగుతుందో ప్రభుత్వానికి తెలియాలి గదా.

మా సెక్షను సూపరింటెండెంటు మంచి మాటకారి. నేను చేరిన కొత్తలో తన క్యారియరులోంచి నాకు అన్నం పెట్టిన మనిషి. ఆ పేరుకు పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు సార్ అని అడిగితే, కిటికీలోంచి బయటికి చూసి తన స్కూటరు నంబరు చెప్పాడు. నాలుగంకెలు. ఎనిమిది అక్షరాల రూలు ఉంది కదా సార్ అన్నాను. ఆ రూలు వాళ్ళకు, మనకు కాదు అన్నాడు. నెలనెలా మార్చే పని కూడా దానికి లేకుండా చేయమన్నాడు. చేశాను. ఊరూరా తిరిగి పద్దెనిమిది కంప్యూటర్లలో అదే పేరు, అవే నాలుగంకెలు పెట్టి వచ్చాను.

ఇక జనం పాట్లు చూడాలి. నెలనెలా కొత్త మాట గుర్తుపెట్టుకోవడం మగ్గం నేసేవాళ్ళకు ఎక్కడ కుదురుతుంది. ఒక సంఘంలో క్యాలెండరు మీద రాశారు. ఇంకో ఊళ్ళో గోడకు బొగ్గుతో రాసి, నెల మారినప్పుడు తుడిచి మళ్ళీ రాశారు. ఒకచోట అధ్యక్షుడి పెళ్ళాం పేరు పక్కన ఒకటి, రెండు, మూడు అని నెలల అంకె తగిలించుకుంటూ పోయారు, ఆమెకు తెలిసి పెద్ద రభస అయ్యింది. మరిచిపోయిన చోట్ల నన్ను పిలిచేవారు. నేను వాళ్ళను బయటికి పంపి, కనిపించని పేరుతో లోపలికి పోయి, వాళ్ళ తలుపు సరిచేసి వచ్చేవాడిని. సారు చేతిలో ఏదో మహిమ ఉందని చెప్పుకునేవారు. ఆ పొగడ్త నాకు బాగానే రుచించింది. ఈ రెండో వాకిలి వల్ల జనానికి మేలే జరుగుతున్నదని నాకు నేను చెప్పుకున్నాను.

పాస్‌వర్డ్‌ను పాస్‌వర్డ్‌లాగా పెట్టుకున్నవాడు పద్దెనిమిది ఊళ్ళలో ఒక్కడే. జమ్మలమడుగు వైపు ఒక నేతగాళ్ళ ఊరు. ఆ సంఘానికి అంచుల డిజైన్లు వేసేది ఆయనే. యాభై దాటిన మనిషి, బక్కపలచన, కళ్ళజోడుకు ఒకవైపు దారం కట్టి ఉండేది. సంఘంలో అందరూ మాస్టరు అనేవారు. నేను పెద్దాయనా అనేవాడిని, ఆయన నన్ను సారూ అంటూనే నువ్వు అనేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు అంతా నూలు బేళ్ళ మీది రాతలు చదివి నేర్చుకున్నదే. కంప్యూటరు ముందు కూర్చోబెట్టిన పదిరోజులకు నాకే కొత్త పనులు చూపించాడు.

ఆయన పాస్‌వర్డ్ ఏ పేరూ కాదు, ఏ తేదీ కాదు. ఆ నెల మగ్గం మీదున్న అంచులో ఎన్ని పోగులు లేవాలి, ఎన్ని దిగాలి అనే లెక్కను, మధ్యలో నూలు బేళ్ళ అక్షరాలు కలిపి కొట్టేవాడు. లోపల్లోపల గొణుక్కుంటూ చకచకా కొట్టేవాడు. పద్దెనిమిదో ఇరవయ్యో అక్షరాలు ఉండేవి. డిజైను మారితే పాస్‌వర్డ్ మారిపోయేది. నెలనెలా మార్చాలన్న రూలు ఆ జిల్లాలో ఇష్టంగా పాటించింది ఆయనొక్కడే. సంఘం అరుగు మీద నలుగురిలో కూర్చుని, దీన్ని తెరవాలంటే నా తల లోపలికి దూరాల అని గర్వంగా చెప్పుకునేవాడు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. ఒకరు పోగులు లెక్కపెడుతుంటే రెండోవాడు పక్కన నిలబడి చూడడు, మొహం తిప్పుకుంటాడు. చూస్తే లెక్క తప్పుతుందని ఒక నమ్మకం, ఒకరి పనితనం మీద ఇంకొకరి కన్ను పడకూడదని ఒక మర్యాద. ఆయన పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను గోడవైపు తిరిగేవాడిని. మొదటిసారి అది చూసి ఎంత సంతోషించాడో. ‘నీకి మా ఇండ్ల మర్యాద తెలుసు సారూ’ అన్నాడు. నేను కంప్యూటరు పని మొదలుపెట్టగానే తనూ అదే మర్యాద చేసేవాడు. లేచి బయటికి పోయి, ఇంట్లోంచి నాకు మజ్జిగ తెచ్చేవాడు.

ఆ మజ్జిగ వచ్చేలోపల నేను చేసే పని ఏమిటో చెబితే మీకు నా మీద గౌరవం మిగలదు. పోనీయండి, దాన్ని మిగుల్చుకోవడానికి కాదు ఇది రాస్తున్నది. ఆయన పేరులోంచి బయటికి వచ్చి, కనిపించని పేరుతో లోపలికి పోయి, ఆయన గీసినవన్నీ ఒక సీడీ మీదికి ఎక్కించుకునేవాడిని. ప్రతి నెలా, ప్రతి ఊళ్ళోనూ ఇదే పని. తనిఖీ కోసం అని మా సూపరింటెండెంటు ఆజ్ఞ. సీడీలు తెచ్చి ఆయన బీరువాలో పెట్టి, రిజిస్టరులో సంతకం చేసేవాడిని. ఎవరూ ఎప్పుడూ వాటిని తనిఖీ చేసిన పాపాన పోలేదు. మజ్జిగ తాగి, గ్లాసు కడిగిచ్చి, బస్సెక్కేవాడిని. ఆ మజ్జిగలో కరివేపాకు నలిపి వేసేవారు. ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఎవరైనా అట్లా కలిపిస్తే నేను తాగను.

ఆ ఏడాది మాస్టరు కొత్త అంచు ఒకటి మొదలుపెట్టాడు. గండికోటకు రెండుసార్లు పోయి, పెన్నా గండి అంచున కూర్చుని చూసి వచ్చాడట. అక్కడి బండలు చూశారు కదా, ఒకదాని మీద ఒకటి పలకలు పలకలుగా, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు పేర్చినట్టు ఉంటాయి. ఆ పొరలనే ఎరుపులో మూడు ఛాయలతో అంచుగా వేశాడు. కింద సన్నగా ఒక తెల్ల గీత. అది ఏరు. తెరమీద చూసినప్పుడే నాకు ఒళ్ళు పులకరించింది. సంఘంలో ముప్పై మగ్గాలు ఆ డిజైను కోసం కాచుకుని ఉన్నాయి. మరమగ్గాల దెబ్బకు చీరలు కదలక రెండేళ్ళుగా ఈడుస్తున్న సంఘం అది. ఈ అంచుతో నిలబడతామని అందరి ఆశ.

వాళ్ళ ఆచారం ప్రకారం కొత్త డిజైనులో మొదటి చీర వాళ్ళ అమ్మవారు చౌడేశ్వరమ్మది. ఉగాదికి ఆమెకు కట్టేదాకా ఆ అంచును బయటివాళ్ళ కంట పడనివ్వరు. నేసే మగ్గం ముందు కూడా దుప్పటి కడతారు. ఆ ఉగాదికి ఇంకా పదిరోజులు ఉందనగా, పెళ్ళి బట్టలకని ప్రొద్దుటూరు పోయిన వాళ్ళ ఊరి ఆడవాళ్ళకు ఒక అంగడి గుమ్మానికి వేలాడుతూ ఆ చీర కనిపించింది. అవే బండల పొరలు, అదే తెల్ల గీత. మరమగ్గం మీద నేసినది. వాళ్ళు పెళ్ళి బట్టలు కొనకుండా ఆ ఒక్క చీర కొనుక్కుని ఏడుస్తూ ఇంటికొచ్చారట.

సంఘం అధ్యక్షుడు మా కార్యాలయానికి ఫోను చేశాడు. ఆదివారం పొద్దున సంఘం కూడుతుందని, కంప్యూటరు సంగతి తెలిసిన మనిషిని పంపమని అడిగాడు. ఫోను పెట్టేశాక నేను బీరువా తెరిచాను. ఆ ఊరి సీడీలు వరసగా ఉన్నాయి. చివరి నెలది లేదు. రిజిస్టరులో మాత్రం నా సంతకం ఉంది.

సూపరింటెండెంటు దగ్గరికి పోయి సీడీ కనపడడం లేదు సార్ అన్నాను. ఆయన ఏమీ తొట్రుపడలేదు. బీడీ కట్టలాంటి కాగితాల దొంతర సర్దుకుంటూ, ఎవరో తెలిసినవాడు అడిగితే ఒకసారి చూసి ఇమ్మని ఇచ్చానని, అందులో అంత కొంప మునిగేది ఏముందని అన్నాడు. వాళ్ళు ఆ మాస్టరును దొంగ అంటారు సార్ అన్నాను. అప్పుడు తలెత్తాడు.

‘చూడబ్బా. లోపలికి పోయింది నువ్వు. సీడీ తెచ్చింది నువ్వు. సంతకం నీది. నా పేరు యాడన్నా ఉండాదా? ఆ సర్క్యులరు రహస్యమని దాని మీదే రాసుండాది, బయట చెప్పినావంటే అదొక నేరం. నీ పర్మినెంటు ఫైలు ఈ వారమే పైకి పోతాండాది. ఇంగ నీ ఇష్టం.’

గొంతు పెంచలేదు, బెదిరించినట్టు కూడా లేదు. క్యారియరులోంచి కూర వడ్డించినప్పుడు ఏ గొంతుతో మాట్లాడాడో అదే గొంతు. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉన్నాను. ప్రతి మార్చిలోనూ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అని ఇంట్లో ఇద్దరం మొహాలు చూసుకునేవాళ్ళం. ఇది సాకు కాదు. ఆ పూట నా తలలో ఉన్నది అదేనని చెబుతున్నాను, అంతే. ఆదివారం ఆయన రాలేదు. జ్వరం అని కబురు పెట్టాడు.

సంఘం హాల్లో నూలు బేళ్ళు గోడలకు జరిపి చాపలు పరిచారు. మగవాళ్ళు ఒకపక్క, ఆడవాళ్ళు గుమ్మం దాకా. మధ్యలో రెండు చీరలు పరిచి ఉన్నాయి. ఒకటి అమ్మవారికి నేస్తున్నది, సగంలో కోసి తెచ్చారు. రెండోది అంగట్లో కొన్నది. నన్ను అధ్యక్షుడి పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. మాస్టరు చాప మీద కూర్చున్నాడు. అమ్మ చీరను అంగడికి అమ్ముకున్నాడని అప్పటికే ఊరంతా పాకిపోయింది. ఒక ముసలామె ఆయన మొహం మీదే అనేసింది. అధ్యక్షుడు ఆమెను ఆపి, మాస్టరును మాట్లాడమన్నాడు.

ఆయన భయపడినట్టు లేడు. తన దగ్గర రుజువు ఉందన్న ధైర్యం మొహంలో కనిపిస్తూనే ఉంది. చంకలోని గుడ్డ మూట విప్పి ఒక అట్ట తీశాడు. తమ ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్న ఒక రహస్యం చెబుతున్నానని, ఇంతవరకూ ఇంటి గడప దాటనిది ఇది అని మొదలుపెట్టాడు. డిజైను గీసేటప్పుడు కావాలని ఒక తప్పు వేస్తారట. గళ్ళ కాగితం మీదైనా, ఇప్పుడు కంప్యూటరులోనైనా. అట్టకు ఒక చిల్లి ఎక్కువ పడుతుంది. మగ్గానికి ఎక్కించేముందు ఆ చిల్లిని తామే కాగితం ముక్కతో మూసేస్తారు. ఎవడైనా డిజైను ఎత్తుకుపోతే తప్పుతో సహా ఎత్తుకుపోతాడు. కాగితం అతికించిన ఆ చిల్లిని అందరికీ చూపించాడు. తర్వాత అంగడి చీర అంచును వేలితో పట్టుకున్నాడు. తెల్ల గీత మీద, జానెడుకొకటి చొప్పున, చిన్న ఎర్ర చుక్క. ఆయన చీరలో గీత తెల్లగా ఉంది, చుక్క లేదు.

‘నా మగ్గం కాడ నుంచి పోయింటే ఈ చుక్క ఉండదు. నా అట్టలు అమ్ముకోనుంటే ఈ చుక్క ఉండదు. ఇది నేరుగా మిషన్‌లోంచే పోయిండాది’ అన్నాడు.

జనం ముందుకు వంగి చూశారు. చుక్కల మీద వేళ్ళు పెట్టి చూశారు. అప్పటిదాకా ఉన్న కోపం సడలింది. నాకు ఇప్పటికీ గుర్తు, ఆ కాసేపు నాక్కూడా ప్రాణం లేచి వచ్చింది. నేను నోరు విప్పకుండానే ఆయన గెలిచేట్టున్నాడని అనుకున్నాను.

అధ్యక్షుడు చెడ్డవాడేమీ కాదు. తోచిందే అడిగాడు. మిషన్ తెరిచేది ఎవరు మాస్టరూ అన్నాడు. నేనే అన్నాడు మాస్టరు. ఇంకెవరికన్నా ఆ మాట తెలుసా అన్నాడు. తెలియదన్నాడు. వెనకనుంచి ఒకడు, తన తలలోకి దూరితే తప్ప అది తెరుచుకోదని అరుగు మీద ఆయనే అన్నాడు కదా అని గుర్తుచేశాడు. హాలు మళ్ళీ బిగుసుకుంది. మాస్టరు నావైపు తిరిగాడు. ఆయన కళ్ళలో అనుమానం లేదు. డాక్టరును అడిగినట్టు అడిగాడు.

‘సారూ, నువ్వు చెప్పు. నా మాట కొట్టకుండా ఇంగో దారిలో ఎవురన్నా లోపలికి పోవచ్చునా?’

అందరూ నావైపు చూశారు. గుమ్మంలో ఒక పిల్ల ఏడుస్తుంటే వాళ్ళమ్మ నోరు మూసింది. నేను చెప్పాను.

‘మీ పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేరు.’

ఇంత చిన్న మాట పని చేసిన తీరు చూడండి. తను దొంగ కాదని నిరూపించుకోవడానికి ఆయన తెచ్చిన రుజువే ఆయన మెడకు చుట్టుకుంది. డిజైను కంప్యూటరు నుంచే పోయిందని ఆయనే నిరూపించాడు. కంప్యూటరు ఆయనొక్కడే తెరవగలడని నేను నిరూపించాను. ఇక మిగిలింది ఏముంది. ఆ రహస్యం చెప్పకుండా ఊరుకుని ఉంటే, మగ్గం దగ్గర ఎవరో దొంగచాటుగా చూశారని అనుకునేవారేమో. ఇంటి గడప దాటించని మాటను నా మీది నమ్మకంతో పదిమందిలో పెట్టాడు.

ఆయన కాసేపు నన్నే చూశాడు. అట్టను మళ్ళీ గుడ్డలో చుట్టుకున్నాడు. పోలీసుల దాకా పోవద్దని, సంఘం నుంచి ఆయనకు ఇక నూలు ఇవ్వకూడదని, డిజైన్ల పని వేరేవాళ్ళకు అప్పగించాలని తీర్మానం చేశారు. అమ్మవారికి పాత అంచు చీరే కట్టాలని ఆడవాళ్ళు అన్నారు. సగం కోసిన చీరను ఆయన మడతపెట్టుకుంటుంటే ఎవరూ చెయ్యి వేయలేదు.

చివరగా కంప్యూటరును అధ్యక్షుడికి అప్పగించాలి కదా. ముగ్గురం ఆ గదిలోకి పోయాం. ఆయన వంగి పాస్‌వర్డ్ కొట్టబోయాడు. నేను అలవాటు కొద్దీ గోడవైపు తిరిగాను.

‘ఇంగ చూడు సారూ, పర్వాల్యా’ అన్నాడు వెనకనుంచి.

ఆ మాటకు నేను తిరగలేకపోయాను. కీబోర్డు చప్పుడు ఆగిపోయాక కూడా కాసేపు గోడనే చూస్తూ నిలబడ్డాను. ఆ గోడకు సున్నం పెచ్చులూడి ఉంది. ఎక్కడెక్కడ ఊడిందో ఇప్పుడు కూడా గీసి చూపించగలను.

రెండు నెలలకు నా ఉద్యోగం పర్మినెంటు అయింది. సూపరింటెండెంటు ఆఫీసంతటికీ మైసూరుపాకు పంచాడు. ఆ ఊరి సంఘం ఆ ఏడాది చివరికల్లా మూతపడింది. కంప్యూటరు వెనక్కు తేవడానికి నన్నే పంపారు. మాస్టరు ఇంటి ముందునుంచే పోవాలి. తలుపు తీసే ఉంది. మగ్గం లేదు. నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే గుంటను మట్టితో పూడ్చి, దాని మీద ఎవరివో మిరపకాయలు ఆరబోశారు. కూతురి ఊరికి పోయినారని పక్కింటివాళ్ళు చెప్పారు. ఏ ఊరని నేను అడగలేదు.

ఐదారేళ్ళు గడిచాయి. మా ఆవిడ తరపు చుట్టాల పెళ్ళికి రాయచోటి పోయాం. పెళ్ళివాళ్ళకు పెట్టే పెట్టుబడి చీర కొనాలని ఆమె నన్ను ఒక శెట్టిగారి బట్టలంగట్లోకి తీసుకుపోయింది. తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు విప్పి చూపిస్తున్న ముసలాయన తలెత్తి, రాండి సారూ అన్నాడు. కళ్ళజోడుకు ఇప్పుడు రెండువైపులా దారమే ఉంది.

నేను వెనక్కు పోలేను, ముందుకు పోలేను. ఆయనే బెంచీ చూపించాడు, నీళ్ళు తెప్పించాడు. మా ఆవిడను అమ్మా అని పిలిచి, ఒకదాని తర్వాత ఒకటి విప్పుతూ పోయాడు. అన్నీ మరమగ్గం చీరలే. ఆమెకు ఎర్ర అంచుది నచ్చింది. బండల పొరలు, కింద తెల్ల గీత. అయ్యో, గీత మీద ఈ చుక్కలేంది, నేతలో తప్పా అని ఆమె అడిగింది. ఆయన నావైపు ఒకసారి చూశాడు.

‘తప్పు కాదమ్మా. డిజైనే అట్ల’ అన్నాడు.

ఆమె ఆ చీర భుజాన వేసుకుని అద్దం దగ్గరికి పోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేనని నాకు తెలుసు. పెద్దాయనా, ఆ పొద్దు అని మొదలుపెట్టాను. ఆయన చీరలు మడతపెట్టడం ఆపలేదు.

‘తెలుసు సారూ. నేను యెవురికీ ఇయ్యల్యా. నువ్వేమో ఎవురూ తెరవలేరంటివి. మరి అది కాళ్ళొచ్చి నడిచిపోయిందా?’

మరి ఆ రోజే నన్ను ఎందుకు నిలదీయలేదని అడిగాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో అడిగాక తెలిసింది.

‘అడిగితి గదా. అందరి ముందరా నిన్నే అడిగితి. ఇంగ అంతకన్నా యేం అడగాల?’

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. అద్దం దగ్గరనుంచి మా ఆవిడ, ఇదే తీసుకుందాం అని కేకేసింది. ఆయన చీరను అందుకుని, అంచు లోపలికి వచ్చేలా జాగ్రత్తగా మడిచి, కవరులో పెట్టాడు. కవరు నా చేతికిస్తూ గొంతు తగ్గించి అడిగాడు.

‘ఆ దారి యేందో నాకి తెలీదు. ఇప్పుడన్నా మూసినారా సారూ?’

ఆయనకు కావాల్సింది నా క్షమాపణ కాదు. తనలాంటి ఇంకొకడు అట్లా చాప మీద కూర్చోకూడదన్నదే ఆయన అడిగినది. నేను ఆయన కళ్ళలోకి చూశాను.

‘మూసేశాం పెద్దాయనా’ అన్నాను.

‘అయితే సరే’ అన్నాడు. ఆ మొహం నిజంగానే తేటపడింది. ‘ఇంగొకరికి ఈ గతి రాకుండా పోయిండాది. అంతే సాలు.’

పిల్లలూ, మీరు నేర్చుకునే పుస్తకాల్లో పాస్‌వర్డ్ ఎంత పొడుగుండాలో, ఎన్నాళ్ళకు మార్చాలో ఉంటుంది. అవన్నీ ఆయన పాటించాడు. వాటిని కనిపెట్టినవాళ్ళకంటే బాగా పాటించాడు. ఎవరైనా మిమ్మల్ని పైనుంచి ఇంకో పేరు పెట్టమంటే ఏం చేయాలో నేను చెప్పను. చెప్పే అర్హత నాకు లేదు. నేను ఏం చేశానో మాత్రం చెప్పగలను.

పెళ్ళినుంచి వచ్చిన సోమవారం మా ఆఫీసుకు వేరే పథకం కింద కొత్త కంప్యూటర్లు ఆరు వచ్చాయి. పాత సర్క్యులరును ఎవరూ రద్దు చేయలేదు, ఫైలులో అట్లాగే ఉంది. ఒక్కో పెట్టె విప్పి, తెరమీద కనిపించని ఆ పేరు పెట్టి, నాలుగంకెలు కొట్టాను. సూపరింటెండెంటు రిటైరై, ఆ స్కూటరు అమ్ముకుని అప్పటికి చాలా రోజులయింది. నంబరు మాత్రం అదే.